చూచుటయా, చదువుటయా?

ఇల్లాలికి దినమున కొక్క సందేహమైనను కలుగక మానదు. వీసెడు మామిడికాయ ముక్కలకు ఉప్పెంత పట్టును? బిడ్డకు జ్వరము వచ్చినచో మందు ఎన్ని గంటల కొకసారి వేయవలెను? కార్డులో పేరు చేర్చుటకు ఏయే కాగితములు కావలెను? రవికకు చంక ఎట్లు కత్తిరింపవలెను? పూర్వము ఇట్టి సందేహములను అత్తగారిని, పొరుగింటి పెద్దమ్మను అడిగి తీర్చుకొనుచుండిరి. తరువాత పత్రికలు వచ్చినవి. నేడు చేతిలోని ఫోను నడుగుట వాడుకయైనది. అడిగినచో ఫోను తరచుగా అక్షరములతో గాక వీడియోలతో బదులు చెప్పుచున్నది. ఒక్క మాటతో తేలవలసిన ప్రశ్నకు పది నిమిషముల దృశ్యము ఎదురగుచున్నది. ఇందు మేలెంత, కీడెంత యని మేము కొంతకాలముగా ఆలోచించుచున్నాము. మా యింట జరిగిన యొక సంగతి ఆ యాలోచనకు దారి తీసినది గావున, ముందు దానిని చెప్పి, పిమ్మట మాకు తోచిన మాటలు విన్నవించుకొనెదము.

మాది నారాయణఖేడ్. ఇది 2016 వరకు మెదక్ జిల్లాలో నుండి, ఆ యేటి జిల్లాల విభజనముతో సంగారెడ్డి జిల్లాలో చేరినది. పడమటగా కొంత దూరము పోయినచో బీదరు సీమ, కన్నడ దేశము; వాయవ్యముగా మరికొంత పోయినచో మరాఠీ సీమ. అందుచేత మా యంగడి వీధిలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగు భాషలును వినబడును. చుట్టుప్రక్కల తండాల వారు వచ్చిన దినమున లంబాడీ భాషయు వినబడును. మా యింటివారు బడిపంతులు. మేము బడికి పోయి చదివినది తక్కువ. తాతగారి యొద్ద ఇంటనే కూర్చుండి శబ్దములు, రఘువంశము, భారత భాగవతములు చదువుకొన్నాము. కావున మాకు అక్షరముపై పక్షపాతము గలదని మీ రనవచ్చును. ఆ నేరమును ముందే యొప్పుకొని విషయమునకు వచ్చుచున్నాము.

పోయిన వేసవిలో ఒకనాటి రాత్రి, పది గంటలు దాటిన పిమ్మట, నాలుగేండ్ల మా చిన్నవానికి విరేచనములు పట్టుకొన్నవి. మా యింటివారు పరీక్షల పనిమీద పొరుగూరికి పోయియుండిరి. ఇంట మేమును, అత్తగారును, పిల్లలును మాత్రమే యుంటిమి. ఓఆర్ఎస్ పొట్లముల కొరకు డబ్బాలన్నియు వెదకితిమి, ఒక్కటియు దొరకలేదు. మందుల దుకాణములు మూసివేసిరి. ఉప్పును చక్కెరయు కలిపిన నీటిని త్రాగింపవచ్చునని మాకు తెలియును. కాని యెంత నీటికి ఎంత యుప్పు, ఎంత చక్కెర యను లెక్క మనస్సున నిలిచియుండలేదు. ఇందులో అంచనా పనికిరాదు. ఉప్పు మించినచో, అసలే నీరు కోల్పోయిన పసిబిడ్డకు అది ప్రమాదకరము.

ఫోను తెరచి యడిగితిమి. మొట్టమొదట వీడియో వచ్చినది. దానికి ముందు రెండు ప్రకటనలు: ఒకటి సబ్బును గూర్చి, వేరొకటి అప్పు లిచ్చెదమని. అవి గడచిన పిమ్మట సంగీతము. సంగీతము ముగిసిన పిమ్మట ఒకాయన నవ్వు మొగముతో ప్రత్యక్షమై, వీడియో నచ్చినచో లైకు కొట్టుమనియు, చానలును సబ్‌స్క్రైబు చేసికొనుమనియు, గంట బొమ్మను నొక్కుమనియు వేడుకొనెను. అటుపై ఎండల తీవ్రతను గూర్చి కొంత, తన చిన్ననాటి వేసవులను గూర్చి కొంత ప్రసంగించెను. ఇంతలో పిల్లవాడు మరల ఏడ్చెను. వానిని కడిగి, బట్ట మార్చి వచ్చునప్పటికి అసలు మాట దాటిపోయినది. వెనుకకు జరుపబోగా మరియొక ప్రకటన యడ్డము వచ్చెను. తుదకు "ఒక చెంచా ఉప్పు" అను మాట చెవిని బడినది. ఏ చెంచా? తలకొట్టినదా, కుప్పగా తీసినదా? ఎంత నీటికి? ఆయన చేతనున్నది చెంబో, లోటాయో పోల్చుకొనలేకపోతిమి. రెండవ వీడియో తెరచితిమి. అందులో ఒకామె "చిటికెడు" అనెను. చెంచాకును చిటికెకును నడుమ, ఏడ్చుచున్న బిడ్డను చంక నిడుకొని, మేము ఏమియు తోచక నిలుచుంటిమి.

అప్పుడు జ్ఞాపకము వచ్చినది. వెనుకటి వానకాలమున ఆశా కార్యకర్త ఇచ్చిపోయిన కరపత్రమును బీరువా తలుపు లోపలివైపున అంటించియుంటిమి. తలుపు తెరచి చూచితిమి. శుభ్రమైన నీరు ఒక లీటరు. తలకొట్టిన చిన్న చెంచాలతో చక్కెర ఆరు. అదే చెంచాతో ఉప్పు అర. ఇంతే. చదువుటకు పది క్షణములు పట్టలేదు. కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగా త్రాగించుచు రాత్రి గడిపితిమి. తెల్లవారగానే ఆసుపత్రికి తీసికొనిపోతిమి. డాక్టరుగారు చూచి ఓఆర్ఎస్ పొట్లములును, 14 దినములు వాడుటకు జింకు మాత్రలును ఇచ్చిరి. వాడు రెండు దినములలో తేరుకొని యెప్పటివలె అల్లరి మొదలుపెట్టెను.

మరునాటి సాయంకాలము మేము వీడియోల మీద గల కోపమంతయు అత్తగారి యెదుట వెళ్లబోసికొనుచు, అక్షరమునకు జయము పలుకుచుంటిమి. వారు కొంతసేపు విని యొక మాట యనిరి. వారి నుడికారముననే వ్రాయుచున్నాము: "ఆ కాయిదం నాకు గోడ లెక్క బిడ్డా. నువ్వు సదువుకున్నవు గనుక సదివినవు. నువ్వు ఇంట్ల లేకుంటె నేనేం జేద్దును? ఫోన్ల మనిషన్న మాట్లాడ్తడు."

అత్తగారికి చదువు రాదు. ఆ మాటకు మే మప్పుడు బదులు చెప్పలేకపోతిమి. ఆ తరువాత చాల దినములు ఆలోచించితిమి. ఆ యాలోచనయే ఈ వ్యాసము.

ముందు అక్షరము పక్షమున చెప్పవలసినది చెప్పెదము. వ్రాతకును వీడియోకును గల పెద్ద భేదము కాలమునకు సంబంధించినది. చదువునప్పుడు కాలము చదువరి చేతిలో నుండును. తెలిసిన భాగమును కన్ను దాటిపోవును. తెలియని చోట నిలుచును. అర్థము కానిచో రెండు పంక్తులు వెనుకకు పోవును. పుట యంతయు ఒక్కసారి కంటి యెదుట నుండును గనుక కావలసినది ఎచట నున్నదో చూడగానే తెలియును. వీడియోలో కాలము చెప్పువాని చేతిలో నుండును. వాడు దగ్గినను మనము వేచియుండవలెను. ముందేమి గలదో కనబడదు. వేగము పెంచుకొను వసతి యున్నది నిజమే. కాని కొలతల కొరకు చూచునది వేగము పెంచినచో, కొలతయే చెవి తప్పిపోవును.

మరియు స్త్రీల దినము తునియలు తునియలుగా నుండును. పాలు పొంగువరకు రెండు నిమిషములు, కుళాయి నీరు వచ్చువరకు ఐదు నిమిషములు, బిడ్డ నిద్రించినపుడు పావుగంట. చదువు ఈ తునియలలో ఇమిడిపోవును. పుటలో నొక పుల్ల పెట్టి లేచిపోవచ్చును. వచ్చునప్పటికి వాక్యము విడిచినచోటనే మనకొరకు కాచుకొనియుండును. చదువునకు చప్పుడు లేదు. ప్రక్కన బిడ్డ నిద్రించుచున్నను, మామగారు జపము చేసికొనుచున్నను ఎవరికిని భంగము కలుగదు. ఒకరికి చెప్పుకొనలేని బాధను గూర్చి తెలిసికొనగోరు యువతికి, ఇంటిల్లిపాదికిని వినబడకుండ చదువుకొనగలుగుట ఎంత యాదరువో స్త్రీలకు వేరుగ చెప్పనక్కరలేదు.

మన పూర్వస్త్రీల చదువు ఇట్లే సాగినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1883లో స్త్రీల కొరకు "సతీహితబోధిని"ని ప్రారంభించిరి. 1902లో "హిందూసుందరి" వెలసినది. 1928లో డాక్టరు కె.ఎన్. కేసరిగారు మదరాసునుండి "గృహలక్ష్మి"ని వెలువరించిరి. బండారు అచ్చమాంబగారు ఇంటనే చదువు నేర్చుకొని, "అబలా సచ్చరిత్ర రత్నమాల"ను రచించిరి. వంటయింటి పనుల నడుమ దొరికిన తునియలలోనే ఈ పత్రికలను చదువుచు, వ్రాయుచు, ఎందరో స్త్రీలు లోకమును తెలిసికొనిరి. ఆ పత్రికలు వారిని తమకొరకు పనులు మానుకొని కూర్చుండుమని యడుగలేదు.

బడిపిల్లల విషయమునను మా యింటివారు ఇదే గమనించిరి. కరోనా వ్యాధి వలన బడులు మూతబడియుండగా, 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణములో పిల్లలకు టీవీ ద్వారా పాఠములు చెప్పిరి. ఆ విపత్కాలమున అది గొప్ప యుపకారమే. అది లేనిచో అనేకులకు పాఠమన్నదే లేకపోయెడిది. కాని ఒక యింట ఒక టీవీ, ముగ్గురు పిల్లలు, మూడు తరగతులు. ఒకడు అర్థము కాక తల యెత్తునప్పటికి పాఠము ముందుకు సాగిపోవును. ఆగుమని టీవీ నడుగుట కెవరి తరము? చేత పాఠ్యపుస్తకము నుంచుకొని, విన్నదానిని పుటలో వెదకికొన్న పిల్లలకే ఆ పాఠములు ఒంటబట్టినవని మా యింటివా రనుచుందురు. విన్న మాట పరుగెత్తును, వ్రాసిన మాట నిలుచును.

ఖర్చు మాటయు కొంత చెప్పవలెను. కంప్యూటరు లిపి వ్యవస్థయగు యూనికోడులో తెలుగు 1991నుండి యున్నది. అందు సాధారణముగా వాడు పద్ధతిలో తెలుగు సంకేత మొక్కొక్కటికి మూడు బైట్లు పట్టును. ఆ లెక్కను ఈ వ్యాస మంతయు డెబ్బది వేల బైట్లలోపున ఇముడును. పది నిమిషముల వీడియో మధ్యరకపు స్పష్టతతో చూచినను దీనికి వేయి రెట్ల ప్రాంతము డేటా యగును. తండాలలో సిగ్నలు సన్నగిల్లినచోట ఒక పుట తెరచుకొనును. వీడియో తిరుగుచు తిరుగుచు నిలిచిపోవును.

ఇక నీ వీడియోలు ఇంత సాగుటకు కారణ మేమని విచారింతము. చెప్పువారందరును వాచాలురని తలంచుట సరికాదు. యూట్యూబులో మొట్టమొదటి వీడియోను 2005 ఏప్రిల్ 23న ఎక్కించిరి. ఒక యువకుడు జంతుశాలలో ఏనుగుల యెదుట నిలిచి మాటలాడిన దృశ్యమది. దాని నిడివి 19 సెకండ్లే. అనగా సాగదీయుట దృశ్యమునకు పుట్టుకతో వచ్చిన గుణము కాదు. 2012లో ఆ సంస్థ తన పద్ధతి మార్చుకొని, ఎందరు వీడియోను తెరచిరను లెక్కకంటె ఎంతసేపు చూచిరను లెక్కకు ఎక్కువ విలువ నిచ్చుట మొదలుపెట్టినది. ఎక్కువసేపు చూపగలిగిన వీడియోను ఎక్కువమంది కంట బడవేయును. నడిమధ్యమున ప్రకటనలు చొప్పించుటకు వీడియో పది నిమిషములైనను ఉండవలెనను నియమము మొదట నుండెను. 2020 జూలైలో దానిని ఎనిమిది నిమిషములకు తగ్గించిరి. ఇక మూడు పంక్తుల సంగతి ఎనిమిది నిమిషములకు ఎట్లు సాగకుండును? పాలలో నీరు కలిపిన లాభము వచ్చునని తెలిసిన పిమ్మట ఎన్ని బిందెలలో చిక్కని పాలు దొరకును? 2021 నవంబరునుండి, ఎందరికి ఆ వీడియో నచ్చలేదను సంఖ్యను చూపరులకు కనబడకుండ చేసిరి. ముందు వచ్చినవారు మోసపోయిరో లేదో తరువాత వచ్చువారికి తెలియుటకు గల యొక చిన్న గుర్తును అట్లు తొలగినది.

వ్రాతయు ఈ దోషమునకు అతీతము కాదని న్యాయముగా ఒప్పుకొనవలెను. నేడు ఫోనులో కనబడు వ్రాతలలోను, పచ్చడి చేయు విధము నడిగినచో మామిడి చరిత్రమంతయు చెప్పి, నడుమ నడుమ ప్రకటనలు గ్రుచ్చి, కొలతలను అట్టడుగున దాచునవి కొల్లలుగా గలవు. అక్కడను కారణ మొక్కటియే. చదువరి ఎంతసేపు నిలిచిన అంత రాబడి. ఐనను వ్రాతలో కన్ను జారి అడుగునకు పోగలదు. వీడియోలో అది కష్టము.

ఇప్పుడు అత్తగారి పక్షమునకు వత్తము. 2011 జనాభా లెక్కల ప్రకారము నేటి తెలంగాణ ప్రాంతమున స్త్రీలలో చదువ వ్రాయ నేర్చినవారు నూటికి సుమారు 58 మంది మాత్రమే. తక్కినవారికి మన వ్యాసములన్నియు అత్తగా రన్నట్లు గోడలే. చెరకు కొట్టుటకు మా ప్రాంతమునుండి కుటుంబములు కుటుంబములుగా పరాయి సీమలకు వలస పోవుదురు. ఆ తల్లులకు ఫోనులోని మాట, ఫోనులోని బొమ్మ ఎంత తోడో మేము కన్నులార చూచుచున్నాము. గుంటూరు ప్రాంతపు మస్తానమ్మగారు, నూరేండ్లు దాటిన వృద్ధురాలని ప్రసిద్ధి కెక్కినవారు, 2018లో చనిపోవువరకు పొలముగట్టున పొయ్యి పెట్టి వండుచుండగా లక్షలమంది వీడియోలలో చూచిరి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెకు చెందిన గంగవ్వగారు పొలము పనులలో బ్రతుకు గడిపి, ముదిమిలో తన పలుకుబడి చేతనే తెలుగువారందరికిని పరిచితురాలైరి. వ్రాతయే దారియైనచో ఈ వృద్ధస్త్రీల మాట మనవరకు వచ్చెడిదా? పత్రికలు వారిని గూర్చి వ్రాసియుండవచ్చును; వారు మాత్రము తమ నోట మాటలాడియుండరు.

మరియు కొన్ని విద్యలు చూచినగాని రావు. రవిక కత్తిరింపు, జడ యల్లిక, ముగ్గులో చుక్కలు కలుపు తీరు, అరిసెల పాకము ముదిరిన గుర్తు: ఇవి పది పుటలు చదివినను పట్టుబడవు, ఒక్కసారి చేయి కదలుట చూచిన చాలును. మేము కుట్టుపనిలో చీల పెట్టుట వీడియో చూచియే నేర్చుకొన్నాము. అది దాచినచో అసత్య దోషము వచ్చును.

ఇట్లు ఇరుపక్షములను తూచుచుండగా, ఆ రాత్రి మమ్ము గట్టెక్కించిన ఉప్పు చక్కెర నీటి చరిత్రమే మాకు త్రోవ చూపినది. 1971లో తూర్పు బెంగాలునుండి కాందిశీకులు లక్షలుగా మన దేశమునకు వచ్చినపుడు, సరిహద్దునగల బనగాఁవ్ శిబిరములలో కలరా ప్రబలినది. నరమునకు ఎక్కించు సెలైను సరిపోలేదు. డాక్టరు దిలీప్ మహలనబీసుగారు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని త్రాగించు విధానమును అచట పెద్దయెత్తున అమలుపరచిరి. అంతకుముందు నూటికి ముప్పదివరకు నున్న మరణములు వారి పర్యవేక్షణమున నాలుగింటికి లోబడినవి. ఆ మిశ్రమమును కలుపు విధమును కరపత్రములుగా అచ్చు వేసి సరిహద్దు పొడవున పంచిరి. దానినే బంగ్లాదేశ్ విమోచన పక్షపు రహస్య రేడియోలో చదివి వినిపించిరి. చదువగలవారికి కాగితము; చదువలేనివారికి గొంతు. రెండింటను నొకటే కొలత, ఒకటే చిన్న సందేశము. మహలనబీసుగారు 2022లో స్వర్గస్థులైరి. మరుసటి సంవత్సరము మన ప్రభుత్వము వారికి పద్మవిభూషణ బిరుదము ప్రకటించినది.

బంగ్లాదేశములో బ్రాక్ అను సంస్థ 1980నుండి పదేండ్లపాటు చేసిన పని ఇంతకంటెను మన కక్కరకు వచ్చునది. ఆ సంస్థ పంపిన స్త్రీలు ఇల్లిల్లును తిరిగి, కోటి ఇరువది లక్షలకు పైబడిన కుటుంబములలోని తల్లులకు ఉప్పు బెల్లము నీరు కలుపుట నేర్పిరి. ఆ తల్లులలో పెక్కుమందికి చదువు రాదు. చెంచాలు ఇంటింటికి వేరు గనుక, మూడు వ్రేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, సుమారు అర లీటరు నీరు అని చేతినే కొలతగా చేసిరి. కేవలము చెప్పి పోలేదు. తల్లి చేతనే కలిపించిరి. కొన్ని వారములకు వేరొకరు వచ్చి, ఆ తల్లి కెంతవరకు జ్ఞాపకమున్నదో పరీక్షించి, ఆమె కలిపిన నీటిని కొలిపించిరి. నేర్పినవారి జీతము ఆ పరీక్షను బట్టి యుండెను.

సోదరీమణులారా! ఈ కడపటి మాటను మీరు నిదానించి చూడవలెను. తల్లికి ఎంత గుర్తున్నదో దానిని బట్టి అక్కడ కూలి. చూపరి ఎంతసేపు కూర్చుండెనో దానిని బట్టి ఇక్కడ కూలి. మా యత్తగారి ప్రశ్నకు మాకు దొరికిన సమాధాన మిదియే. ఆ రాత్రి వీడియో మాటలాడినది గాని అత్తగారికిని ఉపయోగపడలేదు. ఆమెయు మావలెనే పది నిమిషములు విని, కొలత తెలియక మిగిలిపోయెడిది. చదువురానివారి పేరు చెప్పి ఇట్టి వీడియోలను సమర్థింపరాదు. చదువురానివారికి ఇంకను క్లుప్తమైన, ఇంకను నిర్దుష్టమైన మాట కావలెను. వారు విన్నదానిని వ్రాసికొనజాలరు. గుర్తుంచుకొనుటయే వారికి దిక్కు. చూపించినను, వ్రాసినను మంచి బోధకుడు మన చేత పని చేయించి, మనలను త్వరగా మన పనికి పంపివేయును.

ఐనచో మన మేమి చేయవలెను? మేము మా యింట చేసికొన్న కొన్ని యేర్పాట్లు చెప్పుచున్నాము. ప్రాణమునకు సంబంధించిన కొలతలు ఫోనులో వెదకునట్లు ఉంచరాదు. ముందే వ్రాసి గోడను పెట్టవలెను. మా వంటయింట ఇప్పుడొక అట్ట వ్రేలాడుచున్నది. అందు ఉప్పు చక్కెర నీటి లెక్క, కలిపిన నీరు 24 గంటలు దాటినచో పారబోయవలెనను హెచ్చరిక, 108 అంబులెన్సు సంఖ్య వ్రాసితిమి. బిడ్డ సోలిపోవుట, త్రాగలేకపోవుట, మలములో రక్తము కనబడుట: వీనిలో ఏది కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెనను మాటయు అందున్నది. ఓఆర్ఎస్ పొట్లము ఇంట నుండుట అన్నిటికంటె మేలు. అందలి 20.5 గ్రాముల పొడి ఒక లీటరు నీటికి తూచి పెట్టినది. కలుపు విధము పొట్లము మీదనే అచ్చయి యుండును.

రెండవది. మంచి వీడియో చూచి ఏదైన నేర్చుకొన్నచో, అందలి సారమును నాలుగు పంక్తులలో ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. వీడియో రేపు తీసివేయబడవచ్చును. మన వ్రాత మన కోడండ్లకును మిగులును. మూడవది. మన యిండ్లలోని పడుచులు కొందరు వీడియోలు చేయుచున్నారు. చేయుట మంచిదే. కాని కొలతలను మొదటి నిమిషములో చెప్పి, వీడియో క్రింద అక్షరములలో వ్రాసి పెట్టుమని వారికి చెప్పవలెను. వ్రాయుటకు చోటు అక్కడ నున్నది. వ్రాయు నలవాటు మాత్రమే కావలెను.

నాలుగవది, మాకు అన్నిటికంటె ముఖ్యమైనది. ఇంటిలోని చదువురాని పెద్దలకు ఫోను చేతికిచ్చి మన బాధ్యత తీరినదనుకొనరాదు. ఆడుపిల్లలను గూర్చియు ఇదే భయము. అన్నియు వీడియోలో దొరకుచుండగా ఇక చదువేల యను మాట మా వీధిలో ఇద్దరు తల్లుల నోట వింటిమి. చదువురాని యామె ఎదుటివాడు చెప్పినంతసేపు వినవలసినదే, చెప్పినది నమ్మవలసినదే. చదువు వచ్చినామె ఒక కాగితముతో సరిచూచుకొనగలదు. ఆ రాత్రి "చెంచా" యను వీడియోకును "చిటికెడు" అను వీడియోకును తీర్పు చెప్పినది మూడు పంక్తుల కరపత్రమే కదా!

మేము దసరానుండి అత్తగారికి సాయంకాలము అరగంట సేపు అంకెలు, అక్షరములు నేర్పుచున్నాము. ఈ వయస్సున నాకేల యని మొదట నవ్విరి. ఇప్పుడు అంకెలన్నియు గుర్తింతురు. అచ్చులు వచ్చినవి; హల్లులలో కొన్ని తడబడుచున్నవి. ఒక లీటరు సీసా మెడకు చిన్న చెంచాను దారముతో కట్టి, అట్ట ప్రక్కన వ్రేలాడదీసితిమి. అట్ట మీద చెంచా బొమ్మ, దాని ప్రక్కన అంకె. బ్రాక్ వారివలె మేమును నెలకొకసారి అత్తగారి చేతనే నీరు కలిపించి చూచుచున్నాము. ఇంతవరకు ఒక్కసారియు తప్పలేదు.

మొన్న ఒక మధ్యాహ్నము వారు ఫోనులో చింతకాయ తొక్కు చేయు వీడియో చూచుచుండిరి. చాలసేపు చూచి, విసిగి, ఫోనును బోర్లబెట్టి యనిరి: "మాటలు శానా ఉన్నయి గాని కొలత లేదు బిడ్డా. నువ్వే రాసి పెట్టు, నేను సదువుకుంట."

వ్రాసి పెట్టితిమి. కూడబలుకుకొనుచు చదువుకొనిరి. తొక్కు బాగుగా కుదిరినది.